నాయనమ్మ పెంచిన బిడ్డ: జార్జి వేయా జీవితము

నాయనమ్మ చేతిలో పెరిగిన పిల్లవాడు గారాబమున చెడునని మన యిండ్లలో నొక మాట తఱచుగా వినబడుచుండును. తల్లి కొట్టబోయిన నడ్డము వచ్చునది నాయనమ్మయే. తండ్రి కసరిన కొంగుచాటున దాచుకొనునదియు నామెయే. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని యట్టి కొంగుచాటుననే పెరిగి, తన దేశమునకు ధ్వజమువంటివాడై, తుదకు నా దేశమునకే యధ్యక్షుడైన యొకని చరిత్రమును మేమీ నెల మా సోదరీమణుల ముందుంచ దలచితిమి. అతని పేరు జార్జి వేయా. ఆఫ్రికా ఖండమునందలి లైబీరియా దేశస్థుడు. కాలిబంతి యాటలో లోకమున మొదటివాడని 1995లో గుర్తింపబడినవాడు.

ఆటగాని కథ స్త్రీల పత్రికకేల యని కొందఱడుగవచ్చును. మన పిల్లలు బడి విడిచిన వెంటనే వీధులలో నాడునది యీ యాటయే గదా. మోకాళ్లు చెక్కుకొని, బట్టలు మట్టిచేసికొని వారింటికి వచ్చినప్పుడు మనము విసుగుకొనునదియు దీని మీదనే గదా. కందుకక్రీడ మన కావ్యములలో కన్యలకు తగిన విలాసముగా వర్ణింపబడినది. వారు బంతిని చేతితో నాడిరి. వీరు కాలితో నాడుదురు. పక్షమునకు పదునొకండుగురు చొప్పున రెండు పక్షములవారు నిలిచి, చేతితో ముట్టక, కాలితోను తలతోను బంతిని నడపి, ఎదుటివారి ద్వారమున చొప్పింపవలెను. ద్వారము కాచువానికి మాత్రము చేతితో పట్టుకొను హక్కు కలదు. ఆట యింతియే. కాని యీ మనుష్యుని జీవితమున నాటతోపాటు పేదఱికము, యుద్ధము, చదువు లేదన్న నింద, ఒక స్త్రీ చేతిలో నోటమి, అధికారము, ఆ యధికారము చేజాఱుట యన్నియు గలవు. వీనిలో నాడువారికి పట్టనిది మాకొక్కటియు గనబడలేదు.

దేశము – బాల్యము

లైబీరియా ఆఫ్రికాకు పడమటి తీరమున, అట్లాంటిక్ సముద్రపు టొడ్డున నున్న చిన్న దేశము. అమెరికాలో దాస్యమునుండి విడివడిన నల్లవారిని కొందఱిని 1820 తరువాత నచటికి చేర్చిరి. వారు 1847 జూలై 26వ తేదీన స్వతంత్ర రాజ్యమును ప్రకటించుకొని, స్వేచ్ఛ యను నర్థము గల పేరునే తమ దేశమునకు పెట్టుకొనిరి. రాజధాని మన్రోవియా, అమెరికా అధ్యక్షుడైన మన్రో పేరిట వెలసిన పట్టణమది. స్వేచ్ఛ పేరు పెట్టుకొన్న యా నేలమీదనే, వలస వచ్చినవారి సంతతివారు పాలకులును, మొదటినుండి యచట నున్న జాతులవారు పాలితులునై నూఱేండ్లకు పైగా నుండుట విచిత్రము. దాస్యమున బాధపడినవారు సయితము పెత్తనము చేతికి వచ్చినప్పుడు తమ బాధను మఱచుట లోకస్వభావము కాబోలు. ఆ స్థానిక జాతులలో క్రూ యనునది యొకటి. సముద్రపు పనులలో నారితేఱినవారని వారికి ప్రసిద్ధి. జార్జి వేయా యా జాతివాడు.

ఇతడు 1966 అక్టోబరు 1వ తేదీన మన్రోవియాలో జన్మించెను. పసితనముననే తల్లిదండ్రులు వేఱుపడిరి. అప్పుడా పసివానిని చేరదీసినది తండ్రిని గన్న తల్లి యెమ్మా బ్రౌన్. ఆ పట్టణమున క్లారా టౌన్ అను పేదలవాడ గలదు. అచటనే యామె కాపురము. ఆమె యొద్ద నింకను కొందఱు మనుమలు పెరుగుచుండిరి. ఆమె క్రైస్తవ భక్తురాలు. చాలీచాలని యింట నింతమందికి వేళకు కడుపు నింపుట, జబ్బుచేసిన వానిని కాచుకొనుట, దారి తప్పువానిని మరలించుట యెంతటి పనియో మా సోదరీమణులకు మేము చెప్పనక్కఱలేదు. జార్జి వేయాను గూర్చి లోకమున వేలకొలది పుటలు వ్రాయబడినవి. ఆ పుటలలో నామెకు దక్కినది ఒకటి రెండు వాక్యములు. పునాదిరాళ్లకు దక్కు కీర్తి యెప్పుడును నింతియే గదా.

బాలుడు బడికి పోయెను గాని యున్నత పాఠశాల చదువు ముగియకుండనే మానెను. ఈ యొక్క లోపము ముప్పదియేండ్ల వయసున గాని, నలువదియేండ్ల వయసున గాని తన్ను మరల వెదకికొని వచ్చునని యాతడప్పుడెఱుగడు. వీధిలోని యిసుకలో బంతి నాడుచు పెద్దవాడైన వేయా, మన్రోవియాలోని మైటీ బరోల్, ఇన్విన్సిబుల్ ఇలెవెన్ అను పేరుగల పక్షములలో చేరెను. ఆటవలన నిల్లు గడచు దేశము కాదది. కావున టెలిఫోను సంస్థలో పనిచేయుచు నాడుచుండెను. పిదప కామెరూన్ దేశమునకు పోయి, యవూందే పట్టణపు పక్షమైన టొనేర్‌లో నాడెను. ఆ దేశపు జాతీయ పక్షమునకు శిక్షకుడుగా నుండిన క్లోడ్ లెరోయ్ అను ఫ్రెంచి దేశస్థుడు వేయా నేర్పును గని, తన మిత్రుడును, మొనాకో పక్షపు శిక్షకుడును నగు ఆర్సేన్ వెంగర్‌కు తెలియజేసెను. అట్లు 1988లో, ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున, వేయా యైరోపాలో నడుగుపెట్టెను.

బంగారు బంతి

ఎఱుగని దేశము, రాని భాష, అలవాటు లేని చలి. నల్లవాడని యెగతాళి చేయువా రొకవైపు. అట్టి సమయమున వెంగర్ తన్ను కొడుకువలె చూచెనని వేయా పలుమాఱులు చెప్పియున్నాడు. ఒకనాడు శిక్షణకు విసిగి తలనొప్పి నెపము చెప్పగా, కష్టమైనను శ్రమింపుము, నీయందు గొప్ప ప్రజ్ఞ గలదని యాయన బుజ్జగించెనట. దైవము తరువాత వెంగర్ లేకున్న తాను యైరోపాలో నిలిచియుండనని వేయా కృతజ్ఞతతో చెప్పుకొనును. నాయనమ్మ విడిచిన చేతిని గురువు పట్టుకొనెను. పేదపిల్లవాడు పైకి వచ్చుటకు ప్రతిభ యొక్కటియే చాలదు; ఎచటనో యొకచోట నొక మనుష్యుడు వానిని నమ్మవలెను.

1991లో మొనాకో పక్షమున నుండి ఫ్రెంచి కప్పును, 1992లో పారిస్ సాన్ జెర్మేన్ పక్షమునకు మారి 1994లో ఫ్రెంచి లీగును గెలిచెను. 1993, 1995 సంవత్సరములలో మరల ఫ్రెంచి కప్పు వచ్చెను. 1994–95 యైరోపా చాంపియన్స్ లీగు పందెములలో 7 గోలులు వేసి, అందఱి కంటె మిన్నగా నిలిచెను. 1995లో ఇటలీ దేశపు సుప్రసిద్ధ పక్షమైన మిలాన్ ఆతనిని చేర్చుకొనెను. ఆ పక్షముతో 1996లోను, 1999లోను ఇటలీ లీగును గెలిచెను.

ఫ్రాన్సునందలి యొక పత్రికవారు ఏటేట నుత్తమ క్రీడాకారున కిచ్చు బహుమతికి బాలోన్ డోర్, అనగా బంగారు బంతి, యని పేరు. 1994 వరకు యైరోపా దేశస్థులకు మాత్రమే యది యీయబడుచుండెను. మొజాంబిక్‌లో పుట్టిన యుసేబియో 1965లో దానిని పొందెను గాని, ఆయన పోర్చుగల్ దేశమువాడుగా నెంచబడియే పొందెను. 1995లో నియమము మార్చి, యైరోపా పక్షములలో నాడు నే దేశస్థునికైన నీయవచ్చుననిరి. ద్వారము తెఱచిన మొదటి యేటనే లోపల నడుగుపెట్టినవాడు జార్జి వేయా. ఆ సంవత్సరపు లోకోత్తమ క్రీడాకారుడను ఫీఫా బిరుదమును నాతనికే వచ్చెను. 2025 వరకు పురుషులలో మఱి యే యాఫ్రికా దేశపు టాటగానికిని నా బంగారు బంతి దక్కలేదు.

ఆతని యాట యెట్టిదో యొక్క యుదాహరణముతో చెప్పెదము. 1996 సెప్టెంబరు 8వ తేదీన వెరోనా పక్షముతో మిలాన్ ఆడుచుండెను. ఎదుటివారు కొట్టిన బంతి మిలాన్ వారి ద్వారము చెంత వేయా కాలికి తగిలెను. అచటనుండి యాతడు పరుగిడెను. అడ్డము వచ్చిన వారిని తప్పించుకొనుచు, ఇద్దఱి నడుమ నిఱుకుకొని తిరిగి, మైదానమున నీ కొననుండి యా కొనవఱకు నొంటరిగా బంతిని నడపి యెదుటి ద్వారమున గోలు వేసెను. ముప్పదియేండ్లు గడచినను నా పరుగును నేటికిని జనులు తెరలమీద చూచి యానందించుచున్నారు.

మచ్చ లేని చంద్రుడు లేడు. ఆ సంవత్సరము నవంబరులోనే పోర్చుగల్‌లో నొక పందెము ముగిసిన పిమ్మట, ఎదుటి పక్షపు టాటగాని ముక్కు తన తలతో పగులగొట్టెను. తన వర్ణమును గూర్చి యాతడు నీచముగా దూషించెనని వేయా చెప్పెను, అతడు కాదనెను. ఆఱు పందెములలో నాడరాదని వేయాకు శిక్ష పడెను. విచిత్రమేమనగా, న్యాయముగా నాడువారి కిచ్చు ఫీఫా బహుమతి యా 1996లోనే యాతనికి వచ్చెను. ఒక్క నిమిషపు కోపము నొకవైపు, పదియేండ్ల నడవడి నొకవైపు తూచిరి కాబోలు.

యుద్ధము

ఇట్లు యైరోపాలో కీర్తి పెరుగుచుండగా, కన్నదేశము కాలిపోవుచుండెను. 1989 డిసెంబరులో ఛార్లెస్ టెయిలర్ నాయకత్వమున తిరుగుబాటు పుట్టెను. 1996 వరకు నొకమాఱు, మరల 1999నుండి 2003 వరకు నొకమాఱు ఆ దేశమున నంతర్యుద్ధము సాగెను. రెండున్నర లక్షలమంది మరణించిరని యంచనా. పలకా బలపము పట్టవలసిన పిల్లల చేతులకు తుపాకులిచ్చి యుద్ధమునకు తోలిరి. తల్లుల దుఃఖమునకు మేరలేకుండెను.

ఆ దినములలో లైబీరియా వారికి గర్వముగా చెప్పుకొన మిగిలినది వారి కాలిబంతి పక్షమొక్కటియే. వారి జెండాపై నొక్క నక్షత్రముండును. పక్షమునకు నొంటరి నక్షత్రమనియే పేరు. పాలన లేని దేశమున పక్షమునకు డబ్బిచ్చువారెవరు? వేయాయే యిచ్చెను. తోడి యాటగాండ్ర ప్రయాణపు ఖర్చులు, దుస్తులు, కూలి తన సొంత ధనముతో భరించెను. ఆతడే యాటగాడు, పిదప నాతడే శిక్షకుడు. 1996లో ఆఫ్రికా దేశముల కప్పు పందెములకు లైబీరియా మొదటిసారి యర్హత పొందెను. 2002లో మరల పొందెను. 2002 ప్రపంచ కప్పునకు నైజీరియా కంటె నొక్క పాయింటు తక్కువై యవకాశము తప్పిపోయెను. అట్లు లోకమున మొదటివా డనిపించుకొన్న యాటగాడు ప్రపంచ కప్పులో నొక్కసారియు నాడకయే యాట విరమించెను. గొప్పదేశమున పుట్టిన సామాన్యునకు దొరకునది, చిన్నదేశమున పుట్టిన యసామాన్యునకు దొరకలేదు.

1996లో వేయా యొక యమెరికా పత్రికతో మాటలాడుచు, తన దేశమును రక్షించుటకు ఐక్యరాజ్యసమితి పూనుకొనవలెనని కోరెను. అందులకు ప్రతిఫలముగా మన్రోవియాలోని యాతని యింటిని సాయుధులు తగులబెట్టిరి. అందున్న బంధువులు హింసల పాలైరి. అయినను నాతడు దేశము పేరు విడువలేదు. 1997లో పిల్లల క్షేమము కొఱకు పాటుపడు యూనిసెఫ్ సంస్థకు రాయబారియై, తుపాకులు విడిచిన బాలురు మరల బడికి పోవలెనని చెప్పుచు వచ్చెను.

ఈ యుద్ధమును ముగించుటలో స్త్రీలు చేసిన పనిని చెప్పకున్న మా వ్యాసమసమగ్రమగును. 2003లో లేమా బోవీ యను నామె నాయకత్వమున క్రైస్తవ స్త్రీలును, మహమ్మదీయ స్త్రీలును నొక్కటై, తెల్లని దుస్తులు ధరించి, మన్రోవియాలోని చేపల బజారు చెంత నెండలో వానలో కూర్చుండి శాంతి కావలెనని ప్రార్థించిరి. ఘానా దేశమున సంధిమాటలు సాగుచుండగా, సంధి కుదురువఱకు పురుషులను బయటికి పోనీయమని సభాభవనపు ద్వారముల కడ్డముగా కూర్చుండిరి. ఆగస్టులో సంధి కుదిరెను. టెయిలర్ దేశము విడిచిపోయెను. బంతితో వేయా నిలిపిన దేశాభిమానమును, ఓర్పుతో నీ స్త్రీలు నిలిపిన శాంతియు రెండును కలిసియే లైబీరియాకు మరల నూపిరి పోసెనని మేమందుము.

చదువేది?

2003లో వేయా యాట విరమించెను. 2005లో నూతనముగా జరిగిన యెన్నికలలో నధ్యక్ష పదవికి నిలిచెను. యువకులు వేలకు వేలు ఆతని వెంట నడచిరి. ఎదుట నిలిచినది ఎలెన్ జాన్సన్ సర్లీఫ్. ఆమె హార్వర్డ్ విశ్వవిద్యాలయమున చదివినది, దేశమున కోశాధికారమంత్రిగాను, ప్రపంచ బ్యాంకునందును పనిచేసినది, చెఱసాల ననుభవించినది. అక్టోబరులో జరిగిన మొదటి విడతలో వేయాకు నూటికి 28 పాళ్లును, ఆమెకు దాదాపు 20 పాళ్లును వచ్చెను.

అప్పుడు పుట్టినది ప్రశ్న. రంగభూమిలో కర్ణుని విలువిద్య చూచిన పిమ్మట కులమడిగినట్లు, వేయా ప్రజాదరణము చూచిన పిమ్మట చదువడిగిరి. ఉన్నత పాఠశాల యైనను ముగింపనివాడు రాజ్యమేలునా యనిరి. చదివినవారే గదా మా దేశమును కాల్చినదని యాతని పక్షమువారు బదులు చెప్పిరి. బడి గడప త్రొక్కక యింటనే పెద్దల యొద్ద నాలుగక్షరములు నేర్చుకొన్న మావంటివారికి, పట్టము లేదన్న నింద ముల్లువలె గ్రుచ్చుకొనును. పట్టము లేనివారికి బుద్ధియు లేదనుట యన్యాయము. అయినను నిజము చెప్పవలెను. శిథిలమైన యింటిని మరల కట్టునప్పుడు, ఇంటివారికి ప్రియమైన వాని కంటె, గోడ యెత్తుట తెలిసినవానికే ముందుగా పని యప్పగింతుము. అప్పులు, లెక్కలు, పరదేశములతో నొడంబడికలు తెలిసినవా రా దేశమున కప్పుడు కావలసియుండిరి.

లైబీరియా స్త్రీలట్లే తలచినట్లున్నది. బజారులలో కూరగాయలమ్ము వర్తకురాండ్రు మొదలు చదువుకొన్న స్త్రీల వఱకు సర్లీఫ్ కొఱకు పాటుపడిరి. నవంబరులో జరిగిన రెండవ విడతలో నామెకు నూటికి 59 పాళ్లును, వేయాకు 41 పాళ్లును వచ్చెను. ఆఫ్రికా ఖండమున నెన్నికలచే దేశాధ్యక్షురాలైన మొదటి స్త్రీ యామెయే. 2011లో నామెకును, లేమా బోవీకిని, యెమన్ దేశపు తవక్కుల్ కర్మాన్‌కును కలిపి నోబెల్ శాంతి బహుమానము వచ్చెను.

వేయా యీ యోటమిని వెంటనే యొప్పుకొనలేదు. ఎన్నికలలో మోసము జరిగినదనెను. ఆతని యనుచరులు వీధులలో కోలాహలము చేసిరి. దేశమున శాంతి నిలువవలెనని పలువురు హితవు చెప్పగా, డిసెంబరులో ఫిర్యాదు నుపసంహరించుకొనెను. ఆ తరువాత నాతడు చేసిన పనియే మాకన్నిటికంటె మెచ్చదగినదిగా తోచినది. నింద వేసినవారిపై కోపము పెట్టుకొనుటకు మాఱుగా, పుస్తకము పట్టెను. బంగారు బంతి యింటనున్న మనుష్యుడు, లోకమంతయు పేరెఱిగిన మనుష్యుడు, నలువదియేండ్ల ప్రాయమున మరల విద్యార్థి యయ్యెను. అమెరికాలో నున్నత పాఠశాల పట్టమును, 2011లో వ్యాపార నిర్వహణమున విశ్వవిద్యాలయ పట్టమును, పిదప నంతకు మించిన పట్టమును సంపాదించెను. ఇంత వయసు వచ్చినాక మాకిక చదువెందులకని నిరాశపడు మా సోదరీమణులు దీనిని రెండుసారులు చదువుకొందురు గాక.

2011లో నుపాధ్యక్ష పదవికి నిలిచి మరల నోడెను. 2014లో నెబోలా యను భయంకర రోగము లైబీరియాలో ప్రబలెను. ఆ యంటువ్యాధి తీఱునప్పటికి నా దేశమున 4,800 మంది వఱకు మరణించిరి. చేతులు కడుగుకొనుడు, రోగిని తాకకుడు అని పల్లెపల్లెకు తెలియునట్లు వేయా యొక పాట పాడి ప్రచారము చేసెను. ఆ డిసెంబరులోనే సెనేటుకు నిలిచి, అధ్యక్షురాలి కుమారుని మీద గొప్ప మెజారిటీతో గెలిచెను.

సింహాసనము

2017 డిసెంబరు 26వ తేదీన జరిగిన తుది విడత యెన్నికలలో వేయాకు నూటికి 61 పాళ్లకు పైగా వచ్చెను. 2018 జనవరి 22వ తేదీన ప్రమాణస్వీకారము జరిగినది. ఆ యుత్సవము రాజభవనమున గాక క్రీడామైదానమున జరుగుట యాతని కథకు తగియున్నది. 1944 తరువాత నా దేశమున నెన్నికైన యధ్యక్షుడొకడు మఱియొక యెన్నికైన యధ్యక్షునకు శాంతితో పదవి నప్పగించుట యదియే మొదలు. ఓడించిన యామె చేతినుండియే యోడిన వానికి పదవి వచ్చెను.

ఆతని పాలనలో మంచియు గలదు, చెడుగును గలదు. పదవికి వచ్చిన నెలలోనే తన జీతమున నాల్గవ పాలు తగ్గించుకొనెను. 2018 అక్టోబరులో ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో పట్టపరీక్షకు చదువు విద్యార్థులకు జీతము తీసివేసెను. చదువు లేదని నిందింపబడినవాడు చేసిన యీ పనిలో నొక యర్థమున్నది. ఉపాధ్యక్ష పదవికి ఆ దేశమున మొదటిసారిగా నొక స్త్రీ వచ్చినది ఈతనితోడనే. 2020 ఆగస్టులో స్త్రీలపైనను పసిబిడ్డలపైనను జరుగు నత్యాచారములను సహింపలేక వేలకొలది జనులు మన్రోవియా వీధులలోనికి వచ్చిరి. సెప్టెంబరులో వేయా యత్యాచారమును జాతీయ విపత్తుగా ప్రకటించి, ప్రత్యేక న్యాయవాదిని నియమింతుమనియు, నేరస్థుల పట్టిక నుంతుమనియు చెప్పెను. చెప్పినది ప్రశంసనీయమే, చెప్పినంతనే యాడువారి భయము తీఱదని యచటి స్త్రీలు మరల మరల హెచ్చరించుచు వచ్చిరి.

ధరలు పెరిగి, నాణెము విలువ పడిపోయి, 2019 జూన్‌లో ప్రజలు గుంపులుగా కూడి నిరసన తెలిపిరి. బియ్యము కొనువారికి బంగారు బంతి యాకలి తీర్పదు. ఆతని చుట్టునున్న పెద్ద యుద్యోగులపై నవినీతి ఆరోపణలు వచ్చెను. 2022లో కుమారుడైన తిమోతీ యమెరికా పక్షమున ప్రపంచ కప్పులో నాడుచుండగా చూచుటకు కటార్ దేశమునకు పోయి, పెక్కు దినములు పరదేశములందే యుండెనని ప్రజలు తప్పుపట్టిరి. నవంబరు 21వ తేదీన వేల్స్ పక్షముపై నా కుమారుడు గోలు వేసెను. తండ్రికి జీవితకాలమున నందని మైదానమున కొడుకు గోలు వేయగా చూచిన యా కన్నుల నెవరు తప్పుపట్టగలరు? కాని యింటిలో నన్నము లేని దినములలో నింటి పెద్ద ఊరిలో లేకుండుటను నెవరు మెచ్చగలరు? ఈ రెండు ప్రశ్నలును న్యాయమైనవే.

ఓటమి

2023 నవంబరులో తుది విడత యెన్నికలు జరిగెను. ఎదుటివాడు డెబ్బదియెనిమిదేండ్ల జోసెఫ్ బోకాయ్. 2017లో వేయా చేతిలో నోడినవాడు. ఇరువురకు భేదము నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే, బోకాయ్‌కి 50.64, వేయాకు 49.36. ఇంత స్వల్పమైన తేడాతో నోడినవారు, సేన చేతిలో నున్నవారు, ఏమి చేయుదురో లోకము చూచినది. లెక్క తప్పనవచ్చును, న్యాయస్థానమున కీడ్వవచ్చును, అంతకంటె ఘోరమైనదియు చేయవచ్చును. ఆ దేశము దానిని చూచియుండెను. లెక్కింపు ముగింపునకు వచ్చుచుండగనే, నవంబరు 17వ తేదీ రాత్రి వేయా రేడియోలో మాటలాడి, ప్రజలు తీర్పు చెప్పిరనియు, తాను బోకాయ్‌కి అభినందనలు తెలిపితిననియు చెప్పెను. 2024 జనవరి 22వ తేదీన పదవి చేతులు మారెను. ఒక్క తుపాకి మ్రోగలేదు.

2005లో నోటమి నొప్పుకొనలేక కోలాహలము రేపినవాడును, 2023లో నొక్క రాత్రిలో నొప్పుకొన్నవాడును నొక్కడే. ఈ పదునెనిమిదేండ్లలో నాతడు సంపాదించిన పట్టములలో నిదియే గొప్పదని మేము తలచుచున్నాము. ఆతని పాలన మెచ్చనివారును నా రాత్రి యాతనిని మెచ్చిరి. ఎందఱో తల్లుల కడుపుకోత నా రాత్రి యాతడు తప్పించెను. గోలులు వేసినవారు లోకమున పెక్కండ్రు గలరు. గెలిచినవానికి తలవంచి మైదానము విడుచువారు కొందఱే.

సోదరీమణులారా, మన పిల్లలలో నెందఱు బంగారు బంతి తెత్తురో మన మెఱుగము. అది మన చేతిలో లేదు. కాని యొక పేదవాడలో, ఒక ముసలి స్త్రీ యొక పసివానికి కడుపు నింపి, మంచి చెడ్డలు చెప్పి, నమ్మి పెంచినది. అది మన చేతిలో నున్నది. పిల్లలు సాయంకాలము మట్టికాళ్లతో వచ్చి, అమ్మా, ఓడిపోయితిమని చిన్నబోయి నిలిచినప్పుడు, బట్టలు మాసినందుకు కసరుటకు ముందు, గెలిచినవారితో చేయి కలిపి వచ్చితివా నాయనా యని యొక్కమాట యడుగుడు. ఏ బడియు నేర్పని చదువది. నాయనమ్మలును తల్లులును నేర్పవలసినది.